పెద్ద అంకె కాదు, నిజమైన అంకె కావాలి

గౌలిపుర, అలియాబాద్, శాలిబండ పరిసరాలలోని మధ్యతరగతి ఇళ్ళలో కంప్యూటరు ఇప్పుడు విలాస వస్తువు కాదు. పిల్లలు ప్రవేశ పరీక్షల పాఠాలు దాని ముందే కూర్చుని వింటారు. చిన్న వ్యాపారం చేసుకునే తండ్రి లెక్కలూ, ఇంటి పట్టున కుట్టుపని చేసే తల్లి ఆర్డర్లూ దానిలోనే ఉంటాయి. కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో దానిని సమకూర్చుకునే కుటుంబం ప్రాసెసరు ఏది మంచిది, మెమరీ ఎంత ఉండాలి అని పదిమందిని అడుగుతుంది. కానీ ఆ యంత్రమంతటికీ విద్యుత్తు అందించే భాగాన్ని గురించి అడిగేవారు అరుదు. అదే కేబినెట్ లోపల ఒక మూల బిగించి ఉండే ఇనుప పెట్టె. బజారులో దానిని ఎస్‌ఎంపీఎస్ అంటారు.

గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి ప్రతి భాగానికీ పంచడం దీని పని. నాసిరకం పెట్టె చెడినప్పుడు అది ఒంటరిగా పోదు. ఒక్కోసారి మదర్‌బోర్డునూ, హార్డ్‌డిస్కునూ తనతోపాటు తీసుకుపోతుంది. వందలలో మిగుల్చుకున్న డబ్బు వేలలో నష్టమవుతుంది. డిస్కులో దాచుకున్న ధ్రువపత్రాలు, కుటుంబ ఛాయాచిత్రాలు, వ్యాపార లెక్కలు ఎంత ఖర్చు పెట్టినా తిరిగి రాకపోవచ్చు.

ఎన్ని వాట్లు అవసరం?

దుకాణంలో తరచుగా వినిపించే మాట ‘450 వాట్లు, 500 వాట్లు తీసుకోండి, ఎక్కువ ఉంటే మంచిదే’ అన్నది. ముందుగా మన అవసరమెంతో లెక్క వేద్దాం.

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సాధారణ ఇంటి కంప్యూటరును తీసుకుందాం. ఇంటెల్ కోర్ ఐ3-12100 ప్రాసెసరు మూల సామర్థ్యం 60 వాట్లు, అత్యధికంగా 89 వాట్లు అని తయారీదారే ప్రకటించాడు. మదర్‌బోర్డుకు 30, రెండు మెమరీ పలకలకు 6, ఎస్‌ఎస్‌డీకి 5, హార్డ్‌డిస్కుకు 10, ఫ్యాన్లకు 5 వాట్లు వేసుకున్నా మొత్తం 145 వాట్లు. కీబోర్డు, మౌస్ కలిపితే 150. అన్ని భాగాలూ ఒకేసారి పూర్తి బలంతో పనిచేస్తే వచ్చే లెక్క ఇది. పాఠం వింటున్నప్పుడో, ఉత్తరం టైపు చేస్తున్నప్పుడో ఇందులో సగం కూడా ఖర్చు కాదు. మానిటరుకు వేరే ప్లగ్గు ఉంటుంది కనుక అది ఈ లెక్కలోకి రాదు.

అంటే నిజంగా 250 లేక 300 వాట్లు ఇవ్వగల పెట్టె ఇటువంటి ఇంటికి ధారాళంగా సరిపోతుంది. దీనికి నిదర్శనం కార్యాలయాల నుంచి వచ్చి సెకండ్‌హ్యాండ్ దుకాణాలలో అమ్ముడయ్యే కంప్యూటర్లే. డెల్ ఆప్టిప్లెక్స్ 7020 చిన్న కేబినెట్ నమూనాలో ఉన్నది 255 వాట్ల పెట్టె. హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ 800 మొదటి తరం చిన్న నమూనాలో ఉన్నది 240 వాట్లది. అయితే ఒక జాగ్రత్త. ఇటువంటి యంత్రాలలో ఎస్‌ఎంపీఎస్ ఆకారమూ, మదర్‌బోర్డుకు వెళ్ళే ప్లగ్గూ వేరుగా ఉంటాయి. బజారులో దొరికే సాధారణ 24 పిన్నుల పెట్టె వాటికి నేరుగా అమరదు.

లేబులు చెప్పే అసలు సంగతి

మరి 450 అని రాసి ఉన్న పెట్టె కొన్ని ఇళ్ళలో ఎందుకు ఆగిపోతుంది? జవాబు లేబులు మీదనే ఉంటుంది. పెట్టె మీది పెద్ద అక్షరాలను పక్కన పెట్టి, చిన్న అక్షరాల పట్టికలో ‘+12వి’ అన్న గడి చూడండి. దాని కింద ఆంపియర్లు ఉంటాయి. ఆ సంఖ్యను 12తో గుణిస్తే మీకు పనికివచ్చే వాట్లు తెలుస్తాయి. ఉదాహరణకు, పైన 450 అని ఉండి, 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లు మాత్రమే ఉంటే ఆ పెట్టె ఆ మార్గంలో ఇచ్చేది 168 వాట్లే. 300 అని రాసి, అదే గడిలో 22 ఆంపియర్లు ఉన్న పెట్టె 264 వాట్లు ఇస్తుంది. చిన్న అంకె ఉన్నదే బలమైనదన్న మాట.

ఈ తేడాకు చారిత్రక కారణం ఉంది. 1995లో ఏటీఎక్స్ ప్రమాణం వచ్చిన కాలంలో కంప్యూటర్లు ప్రధానంగా 5, 3.3 వోల్టుల మార్గాల మీద నడిచేవి. 2000లో ప్రాసెసరు కోసం ప్రత్యేకంగా నాలుగు పిన్నుల 12 వోల్టుల ప్లగ్గు చేరింది. నేడు ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ, ఫ్యాన్లూ ఆ 12 వోల్టుల మీదనే ఆధారపడతాయి. పాతకాలపు నమూనాలో తయారైన చౌక పెట్టెలు మనకు అంతగా అక్కరలేని మార్గాల శక్తినీ, క్షణకాలం మాత్రమే నిలిచే శక్తినీ కలిపి పెద్ద అంకె చూపిస్తాయి. 12 వోల్టుల ఆంపియర్లు అసలే రాయని పెట్టెను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకపోవడమే మేలు.

‘80 ప్లస్’ ముద్ర, కరెంటు బిల్లు

కొన్ని పెట్టెల మీద ‘80 ప్లస్’ అన్న ముద్ర కనిపిస్తుంది. 2004లో మొదలైన ఈ ధ్రువీకరణ ప్రకారం, పెట్టె తన సామర్థ్యంలో 20, 50, 100 శాతం భారం మోస్తున్నప్పుడు గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో కనీసం 80 శాతాన్ని కంప్యూటరుకు అందించాలి. మిగిలినదే వేడిగా పోవాలి. కంచు, వెండి, బంగారు శ్రేణులు ఇంకా మెరుగైనవి. తక్కువ బడ్జెట్ ఇంటికి సాధారణ శ్రేణి లేదా కంచు శ్రేణి చాలు.

కంప్యూటరు లోపల 50 వాట్లు ఖర్చవుతున్నాయనుకోండి. 65 శాతం సామర్థ్యమున్న పెట్టె గోడ నుంచి 77 వాట్లు లాగుతుంది. 82 శాతమున్నది 61 వాట్లు చాలనుకుంటుంది. రోజుకు ఆరు గంటలు నడిపితే నెలకు దాదాపు మూడు యూనిట్ల తేడా. ఇది స్వల్పమే. అయితే గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల హద్దు దగ్గర నడిచే ఇంటికి ప్రతి యూనిట్టూ లెక్కే. పైగా వృథా అయ్యే విద్యుత్తు వేడిగా మారి పెట్టె ఆయుష్షును తగ్గిస్తుంది. మన నగరపు మే నెలలో ఆ వేడి మరింత బాధిస్తుంది.

పాత ఇళ్ళలో ఎర్త్ సమస్య

కేబినెట్‌ను తాకితే జిల్లుమంటోందని చాలా ఇళ్ళలో ఫిర్యాదు చేస్తారు. నింద పెట్టె మీద వేస్తారు. తరచుగా లోపం గోడలో ఉంటుంది. ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ విద్యుత్ తీగలను ఇనుప చట్రంతో కలిపే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ ఉంటే ఆ స్వల్ప ప్రవాహం నేలలోకి పోతుంది. లేకపోతే చట్రం మీద సరఫరాలో సగం, అంటే 115 వోల్టుల దాకా కనిపిస్తుంది. ప్రవాహం అతి తక్కువ కనుక చెయ్యి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున, తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడిన బిడ్డకు అదే ప్రాణాంతకమవుతుంది.

దశాబ్దాల నాటి వైరింగు ఉన్న ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్టు ఉన్నా, పై రంధ్రానికి తీగే ఉండకపోవచ్చు. అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. సాకెట్టులో న్యూట్రల్ తీగనే ఎర్త్‌కు కలిపేసే అడ్డదారికి ఎంతమాత్రం ఒప్పుకోవద్దు. అది ప్రమాదాన్ని తొలగించదు, పెంచుతుంది.

కొనేటప్పుడు

కోఠీలోని గుజరాతీ గల్లీకో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో వెళ్ళే ముందు ఈ విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి.

కేబినెట్‌తో ‘ఉచితంగా’ వచ్చే ఎస్‌ఎంపీఎస్ ధర కేబినెట్ ధరలోనే ఉంటుంది. వీలైతే రెండూ విడివిడిగా కొనండి. 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లకు తగ్గకుండా చూడండి. మున్ముందు గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటేనే 450 వాట్ల నాణ్యమైన పెట్టెకు వెళ్ళండి. భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, దానితో ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయేమో గమనించండి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. వారంటీ ఎన్నేళ్ళో బిల్లు మీద రాయించుకోండి. వెనుక 115, 230 అన్న ఎర్ర మీట ఉంటే అది 230 దగ్గరే ఉండాలి. పిల్లలు దానిని 115కు జరిపి స్విచ్ వేస్తే పెట్టె ఆ క్షణమే కాలిపోగలదు.

చెడిన పెట్టెను ఇంట్లో విప్పవద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా విద్యుత్తు నిలిచి ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా అది కొంతసేపు దెబ్బ కొట్టగలదు.

కొలతలో నిజాయితీ

పాడి పశువులు పెంచి పాలు అమ్మే గౌళీల పేరు మోస్తున్న పేట గౌలిపుర. పాలు అమ్మే చోట నీళ్ళు కలిపే ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. పాలలో నీళ్ళు కలపమన్న తల్లితో, ఖలీఫా చూడకపోయినా అల్లాహ్ చూస్తున్నాడని చెప్పి నిరాకరించిన బాలిక ఉదంతం మన ఇళ్ళలో పిల్లలందరికీ తెలుసు. రాత్రి గస్తీలో ఆ మాట విన్న హజ్రత్ ఉమర్ (రజి) ఆమెను తన కోడలిగా చేసుకున్నారని చెబుతారు. లేబులు మీద లేని వాట్లు రాయడం పాలలో నీళ్ళు కలపడం వంటిదే. రాసినవాడు దోషి. తెలిసీ అమ్మినవాడు అందులో భాగస్వామి.

కొనేవారికీ ఒక బాధ్యత ఉంది. పెద్ద అంకె కోసం ఎగబడినంత కాలం అబద్ధపు అంకెలే అచ్చవుతాయి. దుకాణంలో ‘ఎన్ని వాట్లు?’ అని కాక, ‘12 వోల్టులలో ఎన్ని ఆంపియర్లు?’ అని అడగండి. ఈ ప్రశ్న అడిగేవారు పెరిగితే చిన్నదైనా నిజమైన పెట్టెనే దుకాణదారు ముందు వరుసలో పెడతాడు.