రంగు వేయక జీవకణమును చూచుట

ఉల్లిపొరను గాజుపలకపై నుంచి సూక్ష్మదర్శినిలో చూచిన విద్యార్థులెల్లరు నెరిగిన చిక్కొకటి కలదు. కణములు నీటివలె నిర్మలములగుటచే వాని లోపలి భాగములు స్పష్టముగా తోపవు. రంగు వేసినచో తోచును గాని, పెక్కు రంగులు కణమును చంపివేయును. చచ్చినదానిని చూచి జీవక్రియల నెట్లు గ్రహింపగలము? కావున సజీవకణమును చూపు నుపాయమొకదాని నిచ్చట వివరింపదలచితిమి.

కణము వెలుతురును అంతగా మ్రింగకున్నను, దాని నడకను కొంత ఆలస్యము చేయును. ఈ ఆలస్యమును మన కన్ను కనిపెట్టజాలదు. పోలెండున పుట్టి ఫ్రాన్సున పనిచేసిన జార్జి నొమార్స్కీ 1950–60 నడుమ దీనికొక మార్గమును చూపెను. ధ్రువిత కాంతిని పట్టకముచే రెండు కిరణములుగా చీల్చి, మిక్కిలి చేరువగా కణముగుండ పంపి, మరియొక పట్టకముచే కలుపుదురు. ఒకటి రెండవదానికంటె వెనుకబడినచోట వెలుగో నీడయో ఏర్పడును. అందుచే కణము ప్రక్కవెలుతురు సోకిన శిల్పమువలె కన్పట్టును. అయితే ఆ యెత్తుపల్లములు నిజమైన యెత్తుపల్లములు కావు. ఆలస్యము మారు తీరును మాత్రమే తెలుపును.

ఇందు రెండు కష్టములు గలవు. వెలుగునీడలను సరిచేయుటకు పట్టకమును చేతితో జరుపవలెను. మరియు కిరణములు చీలిన దిశకు సమాంతరముగా నున్న అంచులు కానరావు. వానికై కణమునే త్రిప్పవలెను.

ఇచ్చట ద్రవస్ఫటికము తోడ్పడును. 1888లో ప్రేగు నగరమున రైనిట్జరు అను వృక్షశాస్త్రజ్ఞుడు, ఒక పదార్థము సుమారు 145 డిగ్రీల వేడిమియందు కరిగి మసక ద్రవమై, 178 డిగ్రీలయందు నిర్మలమగుట గమనించెను. ఆ మసక స్థితియే ద్రవస్ఫటికము. అది ద్రవమువలె ప్రవహించును. అయినను దాని యణువులు పుల్లలవలె ఒకే వైపునకు వరుసదీరి యుండును. అట్టిదానిని రెండు గాజుపలకల నడుమ పలుచగా నుంచి కొలది వోల్టుల విద్యుత్తు నిచ్చినచో అణువులు ప్రక్కకు తిరుగును. కాంతి ఆలస్యమును మారును. పట్టకమును జరుపకయే, క్షణములోపల, వెలుగునీడలను మార్చవచ్చును.

అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్రజీవశాస్త్ర పరిశోధనాలయమున ష్రిబాక్ అను శాస్త్రజ్ఞుడు రెండు పట్టకముల నడుమ ద్రవస్ఫటికము నమర్చి, చీలిక దిశనే 90 డిగ్రీలు మార్చెను. రెండు దిశల చిత్రములను గణించినచో ఏ యంచును మరుగుపడదు. కదలుచున్న కణమును త్రిప్ప పనిలేదు.

విద్యార్థులారా! ధ్రువణపు నల్లకండ్లజోడు దొరికినచో దానిగుండ గణకయంత్రపు అంకెలపలకను చూచుచు, జోడును మెల్లగా త్రిప్పుడు. ఒక దిశయందు పలక నల్లబడును. ద్రవస్ఫటికపు పలకనుండి వచ్చు వెలుతురు ధ్రువితమని మీ కన్నులే మీకు చెప్పును.