డ్రయర్ డ్రమ్ము బెల్టు: అరుగుదల, నిర్ధారణ, మార్పిడి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి దండెం మీద బట్టలు ఆరేసే వీలు తక్కువ. చలికాలపు మంచు ఒక కారణం. ఆరుబయట తీగలు కట్టరాదనే కాలనీ సంఘాల నిబంధనలు మరో కారణం. అందుచేత అక్కడి ఇళ్లలో వాషింగ్ మెషీన్ పక్కనే డ్రయర్ ఉంటుంది. జె. రాస్ మూర్ రూపకల్పన ఆధారంగా 1938లో హామిల్టన్ సంస్థ అమ్మకానికి తెచ్చిన డ్రయర్ నుంచి నేటి వరకూ ఈ యంత్రం మూలసూత్రం ఒక్కటే: వేడిగాలి ప్రవాహంలో తడి బట్టలను దొర్లించడం.

ఈ దొర్లింపు భారమంతా ఒక సన్నని రబ్బరు బెల్టు మోస్తుంది. అది తెగిన నాడు యంత్రాన్నే పారేసేవారు ఎందరో ఉన్నారు. అది అనవసరమైన నష్టం. బెల్టు పనితీరు తెలిస్తే లోపాన్ని గుర్తించి సరిదిద్దుకోవడం ఇంటివారికి సాధ్యమే. అయితే కొత్త బెల్టు వేసే ముందు, పాతది ఎందుకు పాడైందో తెలుసుకోవాలి. ఈ వ్యాసం ప్రధానంగా చెప్పదలచినది అదే.

వేగానికి ఒక లెక్క

అమెరికన్ డ్రయర్లలో డ్రమ్ము వ్యాసం సాధారణంగా 27 అంగుళాలు, అంటే దాదాపు 68 సెంటీమీటర్లు. అది నిమిషానికి సుమారు 50 చుట్లు తిరుగుతుంది. ఈ సంఖ్య యాదృచ్ఛికం కాదు. 34 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న డ్రమ్ము గోడకు ఆనుకున్న వస్తువు, పైకి చేరినప్పుడు కూడా రాలిపడకుండా ఉండాలంటే నిమిషానికి 51 చుట్ల వేగం కావాలి. బట్టల మోపు గోడకు కాస్త లోపలగా ఉంటుంది. వ్యాసార్ధం తగ్గేకొద్దీ కావలసిన వేగం పెరుగుతుంది. కాబట్టి 50 చుట్ల వద్ద బట్టలు పైదాకా ఎగబాకి, అక్కడి నుంచి వేడిగాలిలోకి విడివిడిగా రాలతాయి. వేగం బాగా పెరిగితే గోడకు అతుక్కుపోతాయి, తగ్గితే అడుగున ముద్దగా పడి ఉంటాయి. రెండు సందర్భాల్లోనూ అవి సరిగా ఆరవు.

అమెరికన్ డ్రయర్ మోటారు సాధారణంగా నిమిషానికి 1,725 చుట్లు తిరుగుతుంది. ఆ వేగాన్ని 50కి దించడానికి పళ్లచక్రాలు లేవు. మోటారు ఇరుసుకు సుమారు 2 సెంటీమీటర్ల వ్యాసం గల చిన్న పుల్లీ ఉంటుంది. దాని నుంచి బెల్టు నేరుగా డ్రమ్మును చుట్టి వస్తుంది. రెండు వ్యాసాల నిష్పత్తి దాదాపు 34 కాబట్టి వేగం కూడా అన్ని వంతులు తగ్గుతుంది.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

బెల్టు పట్టుకు మూలం ఘర్షణ. చక్రాన్ని చుట్టిన తాడు జారకుండా ఎంత బలాన్ని లాగగలదో 18వ శతాబ్దంలోనే లియొనార్డ్ ఆయిలర్ గణితంగా చూపాడు. చుట్టిన కోణం, ఘర్షణ గుణకం పెరిగేకొద్దీ ఆ బలం ఘాతాంక రీతిలో పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.3 అనుకుందాం. చిన్న పుల్లీని సగం చుట్టిన చదును బెల్టులో, బిగువు వైపు బలం వదులు వైపు బలానికి రెండున్నర రెట్లు దాటగానే జారుడు మొదలవుతుంది. డ్రయర్ బెల్టు లోపలివైపు పొడవునా సన్నని చాళ్లు ఉంటాయి. అవి పుల్లీ గాడుల్లో 40 డిగ్రీల కోణంతో ఇరుక్కుంటాయి. దానితో ఘర్షణ ప్రభావం దాదాపు మూడింతలై, అదే పుల్లీ మీద ఈ నిష్పత్తి 15 దాటుతుంది. చాళ్లు అరిగితే ఎంత పట్టు పోతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

వదులు వైపు బిగువును నిలిపి ఉంచేది ఐడ్లర్ అనే మరో చిన్న చక్రం. అది స్ప్రింగు బలంతో బెల్టును నిరంతరం నొక్కుతూ మోటారు పుల్లీ చుట్టూ తగిన కోణాన్ని కల్పిస్తుంది.

బెల్టు ఎందుకు అరుగుతుంది?

నలభై ఐదు నిమిషాల ఒక విడతలో డ్రమ్ము 2,250 చుట్లు తిరుగుతుంది. బెల్టులోని ప్రతి భాగమూ ఆ చిన్న పుల్లీ మీద రెండువేలకు పైగా సార్లు వంగి, మళ్లీ నిటారు అవుతుంది. వారానికి ఐదు విడతలు నడిపే ఇంట్లో ఏడాదికి ఈ వంపులు ఐదు లక్షలు దాటతాయి. దీనికి వేడి తోడవుతుంది. ఏళ్ల తరబడి వేడి తగిలిన రబ్బరు క్రమంగా మృదుత్వం కోల్పోయి బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన రబ్బరు వంగినప్పుడల్లా చీలుతుంది.

లక్షణాలు, నిర్ధారణ

మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ డ్రమ్ము కదలకపోతే బెల్టు తెగిందని మొదట అనుమానించాలి. ప్లగ్గు తీసి, తలుపు తెరిచి డ్రమ్మును చేత్తో తిప్పండి. బెల్టు ఉంటే కొంత నిరోధం తెలుస్తుంది. ఏ ఆటంకమూ లేకుండా గిర్రున తిరిగితే బెల్టు తెగిందనో, పుల్లీ నుంచి జారిందనో అర్థం. కొన్ని నమూనాల్లో బెల్టు తెగగానే మోటారు సరఫరాను ఆపే స్విచ్చు ఉంటుంది. అలాంటివాటిలో యంత్రం అసలు మొదలే కాదు. డ్రమ్ము కదలక మోటారు గుర్రుమంటూ ఆగిపోతే లోపం మోటారులో ఉండవచ్చు. ఖాళీగా తిరుగుతూ బట్టలు వేయగానే ఆగడం, కాలిన రబ్బరు వాసన, లయబద్ధమైన దబ్‌దబ్ చప్పుడు బెల్టు ముదిరిందనడానికి ముందస్తు సూచనలు.

బెల్టు తెగిన స్థితిలో యంత్రాన్ని నడపరాదు. చాలా డ్రయర్లలో గాలిపంకా మోటారు ఇరుసు మీదే ఉంటుంది. బెల్టు లేకున్నా మోటారు తిరుగుతూ, హీటరు వెలుగుతూ, కదలని బట్టలు ఒకేచోట వేడెక్కుతాయి.

మార్పిడి

ముందుగా ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీయాలి. అమెరికాలో విద్యుత్ డ్రయర్ 240 వోల్టుల సరఫరాతో నడుస్తుంది కనుక ఈ జాగ్రత్తకు మినహాయింపు లేదు. గ్యాస్ డ్రయర్ అయితే గ్యాస్ వాల్వు కూడా కట్టేయాలి. తలుపు చట్రం దగ్గర ఉండే పలక మీది మోడల్ నంబరు చూసి, సరిగ్గా దానికి తగిన బెల్టే తెచ్చుకోవాలి. రేకు అంచులు కోసుకుంటాయి కాబట్టి చేతితొడుగులు అవసరం.

విప్పే పద్ధతి నమూనాను బట్టి మారుతుంది. చాలావాటిలో పై మూతను లేపి, తలుపు స్విచ్చు తీగలను విడదీసి, ముందు పలకను తీయాలి. అప్పుడు డ్రమ్ము ముందువైపు ఆధారం కోల్పోతుంది కనుక దానికి ఊతం ఇవ్వాలి. బెల్టు వెళ్లిన దారిని, తీగల అమరికను ఫోటో తీసుకోవడం మేలు. ఐడ్లర్‌ను నొక్కితే బిగువు వదిలి బెల్టు బయటికి వస్తుంది.

పాత బెల్టును వెంటనే పారేయకండి. అడ్డంగా పగుళ్లు ఉంటే వయసు, వేడి కారణం. చాళ్లు నున్నగా మెరుస్తుంటే బెల్టు జారింది. ఐడ్లర్ స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు, బట్టలు అధికంగా వేసి ఉండవచ్చు. ఒక అంచే పీచులు పీచులుగా ఊడితే డ్రమ్మును మోసే రోలర్లు అరిగి, బెల్టు పక్కకు ఒరిగి ఉండాలి. ఐడ్లర్‌నూ రోలర్లనూ వేలితో తిప్పి చూడండి. బిగుసుకున్నవాటిని, కీచుమనేవాటిని మార్చకపోతే కొత్త బెల్టు కూడా త్వరగానే తెగుతుంది.

కొత్త బెల్టును చాళ్లు డ్రమ్ము వైపు ఉండేలా, పాత బెల్టు గుర్తు మీదే వేయాలి. ఐడ్లర్, మోటారు పుల్లీల మీదుగా పాత దారిలోనే ఎక్కించి, డ్రమ్మును చేత్తో కొన్ని చుట్లు తిప్పి బెల్టు మెలిక పడలేదని చూసుకోవాలి. తరువాతే పలకలు బిగించి, ఖాళీ డ్రమ్ముతో నడిపి పరీక్షించాలి.

యంత్రం విప్పి ఉన్నప్పుడే లోపల పేరుకున్న నూగును తప్పక తీసేయండి. 2008–2010 మధ్య అమెరికా ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయర్ అగ్నిప్రమాదాలు జరిగినట్లు అక్కడి సమాఖ్య అగ్నిమాపక సంస్థ అంచనా వేసింది. వాటికి దోహదం చేసిన కారణాల్లో శుభ్రం చేయకపోవడమే మొదటిది. బెల్టు మార్చడానికి మూత తీసినవారు ఈ పని కూడా పూర్తిచేసి మూయాలని మనవి.