గుండె చెప్పే మాట వినేదెవరు?

స్టెతస్కోపు పుట్టింది ఒక ఆడపిల్ల పుణ్యమా అనేనని మీకు తెలుసా? 1816లో ప్యారిస్‌లో రెనె లెనెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. ఆ రోజుల్లో డాక్టర్లు రోగి ఛాతీకి నేరుగా చెవి ఆనించి వినేవారు. వయసులో ఉన్న పిల్ల కావడంతో లెనెక్‌కి మొహమాటం అడ్డొచ్చింది. కొన్ని కాగితాలు గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె గుండె దగ్గర పెట్టి, రెండో కొసకి తన చెవి ఆనించాడు. చెవి ఆనించి విన్నదానికంటే స్పష్టంగా వినిపించింది! తర్వాత చెక్కతో గొట్టం చేసుకున్నాడు. రెండు చెవులకీ తగిలించుకునే రకం 1850లలో వచ్చింది.

ఇప్పుడు దాని మనవరాలు ఎలక్ట్రానిక్ స్టెతస్కోపు వచ్చింది. చూడ్డానికి పెద్ద తేడా ఉండదు. లోపల మాత్రం చిన్న మైకు లాంటిది గుండె చప్పుడుని కరెంటు సంకేతంగా మార్చి, పెంచి వినిపిస్తుంది. కొన్ని రకాలు 40 రెట్ల దాకా పెంచుతాయని తయారుచేసేవాళ్లు చెబుతారు. చుట్టూ ఉన్న గోలని తగ్గిస్తుంది. చప్పుడుని రికార్డు చేసి, సెల్‌ఫోనులో గీతలుగా చూపిస్తుంది. వినికిడి తగ్గిన డాక్టర్లకీ ఇది వరమే.

'ఇదంతా డాక్టర్ల గొడవ, మనకెందుకు?' అంటారేమో. ఎందుకో చెబుతాను.

మా ఆనందపురం పూల మార్కెట్లో తెల్లారకుండానే బేరాలు మొదలవుతాయి. అక్కడ బంతిపూలు కొనుక్కుని మా వీధిలో అమ్మే ఆవిడ ఓ రోజు గంప దించి, మా అరుగు మీద కూలబడిపోయింది.

"ఏటోనమ్మా, నాలుగడుగులేస్తే ఆయాసమొచ్చేస్తంది. నీరసమని బలం మందులిచ్చినారు" అంది.

"గుండె మీద గొట్టం పెట్టి చూశారా?" అని అడిగాను.

"నేదమ్మా. నేను చెప్పినాను, ఆయన రాసినారు" అంది.

ఆడవాళ్ల ఆయాసానికి మన దగ్గర ఎప్పుడూ ఒకటే పేరు, నీరసం. కాకపోతే రక్తం తక్కువ. కొందరికి అది నిజమే కావచ్చు. కానీ చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, సరైన మందు పడక, కీళ్లవాతం జ్వరంగా మారితే గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఏళ్ల తరబడి పైకి ఏమీ తెలియదు. గర్భం వచ్చాక ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. ఆ బరువు మొయ్యలేక గుండె అప్పుడు బయటపడుతుంది. సన్నబడిన కవాటంలోంచి రక్తం పారే చప్పుడు బాగా సన్నగా, మంద్రంగా ఉంటుంది. రద్దీగా ఉన్న ఓపీలో మామూలు గొట్టానికి అందకపోవచ్చు. పెంచి వినిపించే పరికరం ఉపయోగం అక్కడే.

నైజీరియాలో సుమారు 1,200 మంది గర్భిణులు, బాలింతలతో చేసిన ఒక పరిశోధన 2024లో వెలువడింది. కంప్యూటరు సాయంతో పనిచేసే డిజిటల్ స్టెతస్కోపుతో పరీక్షించిన వాళ్లలో గుండె బలహీనత, మామూలు పద్ధతిలో చూసిన వాళ్లకంటే రెట్టింపు మందిలో బయటపడింది. అంటే జబ్బు రెట్టింపయిందని కాదు, వినడం మెరుగైందని!

ఇంకో సుఖం ఉంది. పరికరం నర్సమ్మ చేతిలో ఉంటే చాలు, చప్పుడు పట్నంలో ఉన్న డాక్టరుకి చేరుతుంది. 2020లో కరోనా రోజుల్లో ఐఐటీ బొంబాయి బృందం ఒకటి రోగికి దూరంగా ఉండి వినగలిగే స్టెతస్కోపు తయారుచేసింది. మన విశాఖలోనే 2018లో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి. ఇలాంటివి చవగ్గా ఊరూరికీ చేరాలని కోరుకోవడం అత్యాశ కాదుగా?

స్టీలు ప్లాంటులో పనిచేసి రిటైరైన మా అన్నయ్యకి ఇదంతా చెబితే నవ్వాడు.

"మాకిది పాత విద్యే చెల్లీ. మోటారు బేరింగు పాడయ్యే ముందే దాని గొంతు మారుతుంది. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వినేవాళ్లం. ఇప్పుడు దానికీ ఎలక్ట్రానిక్ స్టెతస్కోపులున్నాయి" అన్నాడు.

మిషను ఆగిపోకముందే, టైము ప్రకారం దాని గొంతు వింటారన్నమాట. ఇల్లంతా నడిపే మనిషికి ఆ మాత్రం మర్యాద ఉండక్కర్లేదూ!

ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలో, గుండెజబ్బున్న పెద్దవాళ్లో ఉంటే డాక్టరు సలహాతో ఈ పరికరం కొనుక్కోవచ్చు. రికార్డు చేసేటప్పుడు ఫ్యాను, టీవీ ఆపండి. చీర మీద నుంచి కాదు, ఒంటికే ఆనించండి. పుస్తెలతాడు, నల్లపూసలు పక్కకి జరపండి, లేకపోతే వాటి గలగలే వినిపిస్తుంది. రికార్డయింది డాక్టరుకి పంపండి, తీర్పు మాత్రం మీరు చెప్పకండి. గుండెపోటు వచ్చినప్పుడు కూడా చప్పుడు మామూలుగానే ఉండొచ్చు. కాబట్టి ఛాతీలో నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం ఉంటే పరికరం పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

పరికరం లేకపోయినా ఫర్వాలేదు. ఈసారి ఆయాసమని ఆస్పత్రికి వెళితే, "డాక్టరుగారూ, గుండె ఒకసారి విని చూడండి" అని నోరు తెరిచి అడగండి. మీ అత్తగారి తరఫున, మీ పనమ్మాయి తరఫున కూడా అడగండి. మొహమాటం వల్ల లెనెక్ దొర గొట్టం కనిపెట్టాడు. మన మొహమాటం వల్ల మాత్రం ప్రాణం మీదికొస్తుంది!