ఒక్కరికి రాస్తే పోదు గజ్జి

రాత్రి దీపాలార్పి పడుకున్నాక పిల్లలు ఒకరి తర్వాత ఒకరు గోక్కోవడం మొదలుపెడితే దోమకాటని సరిపెట్టుకోకండి. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, మొలతాడు కట్టే చోటు, పిర్రలు పరీక్షగా చూడండి. చిన్న చిన్న పొక్కులుంటే గజ్జి అని అనుమానించవలసిందే. కొన్ని ఊళ్లలో దీన్నే చిడుము అంటారు. పసిపిల్లలకైతే అరచేతుల్లో, అరికాళ్లలో, తల మీద కూడా లేస్తుంది.

వేడి చేసిందనీ, రక్తం చెడిందనీ అనుకుని పెద్దలు ముందుగా వంకాయ మాన్పిస్తారు. పాపం వంకాయకు దీనితో ఏ సంబంధమూ లేదు. గజ్జికి కారణం కంటికి ఆనీ ఆనని పురుగు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. ఎనిమిది కాళ్లు. పిడుదుకు, సాలీడుకు దగ్గర చుట్టం. పందికొక్కు గట్టును తొలిచినట్లు ఆడపురుగు పైచర్మాన్ని తొలుచుకుంటూ పోయి రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు నెలలు బతుకుతుంది. మామూలు రోగి ఒంటి మీద మొత్తం పది పదిహేను పురుగులకు మించి ఉండవు. అంత దురద ఆ కాసిని పురుగులకేనా అంటే, వాటి గుడ్లు, మలం మన ఒంటికి పడకపోవడం వల్ల.

ఈ పురుగును 1687లోనే ఇటలీలో బొనోమో, చెస్తోనీ అనే ఇద్దరు సూక్ష్మదర్శినిలో చూసి రాశారు. వైద్యులు చాలాకాలం నమ్మలేదు. 1834లో పారిస్‌లో రెనూచీ అనే విద్యార్థి, తన కార్సికా దీవిలో పల్లె ఆడవాళ్లు తీసే పద్ధతిలోనే సూదితో పురుగును తీసి చూపించాక గాని ఒప్పుకోలేదు. పల్లెటూరి వాళ్లకు తెలిసింది పెద్ద డాక్టర్లకు తెలియకపోవడం కొత్తేమీ కాదు!

అసలు చిక్కు ఇక్కడుంది. మొదటిసారి గజ్జి సోకినవారికి దురద వెంటనే రాదు. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఈలోగా హాయిగా తిరుగుతున్న మనిషే పక్కన పడుకున్నవారికి అంటిస్తాడు. గోక్కునే పిల్లవాడికొక్కడికే మందు రాస్తే, దురద లేని అక్క నుంచో అమ్మ నుంచో వాడికి మళ్లీ వస్తుంది. అప్పుడు మందు పనిచెయ్యలేదంటాం. హాస్టళ్లలోనూ ఇదే కథ. గజ్జి ఉన్న పిల్లను ఇంటికి పంపేస్తే అవమానమే గాని వైద్యం కాదు. పక్క చాపల వాళ్లకు అప్పటికే అంటి ఉంటుంది. గది గదంతటికీ ఒకే రాత్రి మందు రాయించాలి.

ఎక్కువగా వాడే మందు 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. మెడ నుంచి కాలివేళ్ల దాకా, గోళ్ల కింద, బొడ్డులో, మర్మావయవాల మీద కూడా వదలకుండా రాత్రి రాసుకుని 8 నుంచి 14 గంటలుంచి కడుక్కోవాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాసుకోవాలి. వారానికి ఇంకోసారి. దురద లేకపోయినా ఇంటిల్లిపాదీ ఆ రాత్రే రాసుకోవాలి. గర్భిణులు, చంటిపిల్లల సంగతి డాక్టరునడగండి. వారికి గంధకం మలాము ఇస్తుంటారు. ఐవర్మెక్టిన్ మాత్రలు బరువును బట్టి వేస్తారు. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వరు. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. అలాగని క్రీము రోజూ పూయకూడదు.

బట్టల గురించి బెంగ ఎక్కువ అక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో మెలన్బీ అనే శాస్త్రజ్ఞుడు రోగుల పక్కబట్టలు, లోదుస్తులు స్వచ్ఛందంగా వచ్చినవారికి వాడించి చూస్తే అంటింది బహు కొద్దిమందికే. చర్మానికి చర్మం చాలాసేపు తగిలితేనే ప్రమాదం. వాడిన బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండవేయండి. ఉతకలేనివి సంచిలో నాలుగు రోజులు మూటకట్టి ఉంచితే పురుగు చస్తుంది.

భయపడవలసినవి వేరే ఉన్నాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే, స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంటు దురదను అణిచిపెడుతుంది, పురుగును మాత్రం పెరగనిస్తుంది. పొలానికి కొట్టే మందు ఒంటికి పూస్తే ప్రాణం మీదికి వస్తుంది. గోకి గోకి పుండ్లు పడి చీము పట్టినప్పుడు కొందరు పిల్లలకు మూత్రపిండాలు దెబ్బతింటాయి. పొద్దున ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్లండి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది ఊరికే కాదు.

ఇక పశువులు. ఊరి గజ్జికుక్కను చూసి మన గజ్జి దాని వల్లే వచ్చిందంటారు. పురుగు ఆ జాతిదే అయినా కుక్కకు పట్టేది వేరు, మేకకు పట్టేది వేరు, మనిషికి పట్టేది వేరు. కుక్కను ఎత్తుకుంటే ముంజేతుల మీద, పొట్ట మీద దద్దుర్లు రావచ్చు గాని ఆ పురుగు మన ఒంట్లో పిల్లలు పెట్టలేదు. కుక్కకు వైద్యం చేయిస్తే కొద్దిరోజుల్లో మనకూ తగ్గిపోతుంది. ఇల్లంతా నెలల తరబడి గోక్కుంటోందంటే మాత్రం అది మనుషుల గజ్జే.

మేకలకు మూతి, కళ్ల చుట్టూ, చెవుల మీద చెక్కులు కట్టి తోలు ముడతలు పడుతుంది. గొర్రెలకు పట్టే ఇంకో రకం పురుగు లోపలికి తొలవదు, తోలు మీదే ఉండి ఉన్ని కుచ్చులుగా ఊడేట్టు చేస్తుంది. గొర్రె గుంజలకు, గోడలకు రాసుకుంటుంటే చూడండి. గోక్కోవడంతోనే సరిపోయి మేత తినదు, చిక్కిపోతుంది. సంతలో కొన్న జీవాన్ని రెండు మూడు వారాలు మందకు దూరంగా కట్టాలి. ఒకదానికి కనిపిస్తే మందంతటినీ పశువైద్యునికి చూపించండి.

పశువులకిచ్చే ఐవర్మెక్టిన్ ఇంజెక్షను మంచి మందే. ఆ మందుకు మూలం కనిపెట్టిన కాంప్‌బెల్, ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. పశువు కోసం తెచ్చిన సీసాను మనుషులు వాడకూడదు. పాడిగేదెకు వేస్తే మందు పాలలోకి దిగుతుంది గనుక అది పాలిస్తున్న సంగతి పశువైద్యునికి ముందే చెప్పండి. కోతకు అమ్మబోయే మేకల సంగతీ అంతే. ఎన్నాళ్లు ఆగాలో అడిగి తెలుసుకుని ఆ తర్వాతే అమ్మాలి.