డాప్లర్ పరీక్ష ఎందుకు?

ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచి, తైలమర్దనం కోసం వచ్చేవారిని నేను ముందుగా డాప్లర్ పరీక్షకు పంపుతాను. "తైలం రాయడానికి స్కానింగు దేనికండీ?" అని పలువురు అడుగుతుంటారు. అందుకు సమాధానమే ఈ వ్యాసం.

కూత వేస్తూ వచ్చే రైలును గమనించండి. దగ్గరకు వస్తున్నప్పుడు కూత హెచ్చు స్థాయిలో వినిపిస్తుంది. దాటిపోగానే స్థాయి తగ్గుతుంది. నిజానికి కూత మారలేదు. రైలు సమీపించే కొద్దీ ఒక్కొక్క ధ్వని తరంగం మనకు మరింత చేరువ నుండి బయలుదేరుతుంది. కనుక సెకనుకు ఎక్కువ తరంగాలు చెవిని చేరుతాయి. దూరమవుతున్నప్పుడు తక్కువ చేరుతాయి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు కూత సెకనుకు 400 కంపనాలైతే, నిలుచున్న మనకు సుమారు 425 వినిపిస్తాయి. దాటిన పిదప సుమారు 378. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించిన సూత్రమిది.

శరీరంలో రైలు స్థానం రక్తకణాలది. పరికరం చెవికి వినరాని ధ్వనిని, ఉదాహరణకు సెకనుకు 50 లక్షల కంపనాలతో, లోపలికి పంపుతుంది. ఎదురు వచ్చే కణాలను తాకి మరలిన ప్రతిధ్వనిలో కంపనాలు పెరుగుతాయి. దూరంగా పోయే కణాల నుండి వచ్చినదానిలో తగ్గుతాయి. ఆ తేడాను బట్టి రక్తం వేగమూ, దిశా తెలుస్తాయి. పరీక్ష గదిలో వినిపించే శబ్దం ఆ తేడాయే గాని రక్తం చప్పుడు కాదు. తెరపై సాధారణంగా ఎరుపు పరికరం వైపు వచ్చే ప్రవాహానికి, నీలం దూరంగా పోయేదానికి గుర్తు. మంచి రక్తం, చెడు రక్తం అని అర్థం కాదు. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

గురుకులంలో నేను అభ్యసించిన నాడీపరీక్ష ధమని స్పందనను తెలుపుతుంది. పిక్కలోని లోతైన సిరలో రక్తం గడ్డకట్టితే అది వేళ్లకు అందదు. స్కానింగులో మాత్రం అక్కడ ప్రవాహం లోపించడం, నొక్కినా సిర అణగకపోవడం కనిపిస్తాయి. అట్టి కాలిని మర్దిస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలిగించవచ్చు.

కాబట్టి శస్త్రచికిత్స, ప్రసవం, దీర్ఘకాలం మంచంపట్టడం వంటి వాటి తరువాత ఒక కాలు వాచి, నొప్పి, వేడి ఉంటే తైలం, కాపడం, మర్దనం ఏవీ చేయకండి. ఆ రోజే ఆసుపత్రిలో చూపించండి. ఆయాసం, ఛాతీనొప్పి కూడా తోడైతే క్షణమైనా ఆలస్యం చేయరాదు.