సంఘమునకు పరపతియే పెట్టుబడి

మన గ్రామసంఘముల పేరులో "పరపతి" యను మాట చిరకాలముగా నున్నది. పరపతి యనగా అప్పు. పరపతి యనగా నమ్మకము, పలుకుబడి. ఒక్క మాటకు ఈ రెండర్థములును తగియే యున్నవి. ఎవని మాట నమ్మదగినదో వానికే అప్పు పుట్టును. రైతున కెట్లో, సంఘమునకును గొప్ప కంపెనీకిని అట్లే.

అప్పిచ్చువాడు సొమ్ము తిరిగి వచ్చునా, గడువునాటికి వచ్చునా యని చూచును. సందేహము కలిగిన కొలది వడ్డీ హెచ్చించును, గడువు కుదించును, హామీ యెక్కువ కోరును. సందేహము ముదిరినచో అప్పే యీయడు. కోటి రూపాయలు అప్పు తెచ్చు సంస్థకు నూటికి ఒక్క రూపాయి వడ్డీ తగ్గినను ఏటికి లక్ష రూపాయలు మిగులును. మంచిపేరు వెల యిట్లు లెక్కకు వచ్చుచున్నది. పెద్ద కంపెనీల ఋణశక్తిని తూచి శ్రేణి నిర్ణయించుటకు ప్రత్యేక సంస్థలే కలవు.

అయితే పేరొకటి, నిజస్థితి యొకటి కావచ్చును. ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. కంపెనీ చరిత్రమే యిందుకు తార్కాణము. 1987లో స్థాపింపబడిన యీ కంపెనీ రహదారులు, సొరంగములు మున్నగు పెద్ద పనులకు పూనుకొనెను. జీవిత బీమా సంస్థయు, స్టేట్ బ్యాంకును దాని వాటాదారులు. అంతటివారు వెనుక నుండగా భయమేల యని పలువురు అప్పులిచ్చిరి. 2018 నడుమ వరకు దానికి అత్యున్నత శ్రేణి యుండెను.

లోపలి స్థితి వేరు. ఏండ్ల తరబడి వేచిన గాని రాబడి రాని పనులకు స్వల్పకాలపు అప్పులు తెచ్చి, పాతబాకీని క్రొత్త యప్పుతో తీర్చుచు వచ్చిరి. క్రొత్త యప్పు పుట్టినంతకాలము లోపము బయటపడలేదు. ఆ యేటి సెప్టెంబరు నాటికి వాయిదాలు తప్పగా, కొద్ది వారములలోనే శ్రేణి అట్టడుగునకు జారెను. సమూహమంతటి ఋణము 90 వేల కోట్ల రూపాయలకు పైబడి యుండెను. అక్టోబరు 1న ప్రభుత్వము న్యాయాధికరణము అనుమతితో పాత బోర్డును తొలగించి క్రొత్త బోర్డును నిలిపెను. అంతతో పోలేదు. అట్టి వ్యాపారమే చేయు ఇతర కంపెనీలకును, తప్పు చేయనివానికి సహితము, అప్పు అరుదై వడ్డీ పెరిగెను.

ఇంత పెద్ద కథ మనకేల యని చదువరు లడుగవచ్చును. మేము గ్రామములు తిరుగునపుడు ఈ దోషమునే చిన్నరూపమున చూచియున్నాము. గడువునాడు పాతబాకీ వసూలైనట్లును, మరునాడు క్రొత్త యప్పు ఇచ్చినట్లును వ్రాయుదురు. పైకము చేతులు మారదు. వసూలు నూటికి నూరని కాగితము పలుకును. దూలము పైన రంగు, లోన చెద. ఒకయేడు పంట పోయినచో నిజము బయటపడును. జిల్లా సహకార బ్యాంకు చేయి బిగించును. అప్పుడు నిజముగా చెల్లించిన రైతుకును తొలకరివేళ విత్తనమునకు, ఎరువునకు సొమ్ము దొరకదు. అతడు వ్యాపారి గడప త్రొక్కవలసి వచ్చును.

కావున మా మనవి యిది. పంట చెడినచో గడువు దాటకముందే కార్యదర్శికి తెలుపుడు. గడువు మార్పు కోరుట అవమానము కాదు, బాకీని దాచుట అవమానము. గడువు మీరిన బాకీల మొత్తమును ఉన్నదున్నట్లు మహాజనసభలో చదివింపుడు. పాలకవర్గమువారు తమ బాకీని అందరికన్న ముందు చెల్లింపవలెను. పెద్దల బాకీ నిలిచినచోట చిన్నరైతును అడుగుటకు నోరు రాదు. ఆడిటరు వచ్చినపుడు పుస్తకములు విప్పి చూపుడు.

ఇట్లు నడచిన సంఘమునకు ఒక యేడు వసూలు తగ్గినను మాట పోదు. లెక్క నిజమని బ్యాంకువారెరుగుదురు. సంఘమునకు పరపతి నిచ్చునది పేరుపలక కాదు, లెక్కల పుస్తకము.