473 కి.మీ. రేంజ్ అన్నారు.. మరి తిరుపతికి పోయి రాగలమా?

2025 జనవరి 19, ఆదివారం. ఢిల్లీ భారత్ మండపంలో భారత్ మొబిలిటీ ఎక్స్‌పో. షో 17నే మొదలైనా, మామూలు జనాన్ని లోపలికి వదిలింది ఆ రోజు నుంచే. నేనైతే బెంగళూరు నుంచి పనిగట్టుకుని పోయా. టాటా సియెరా దగ్గర ఫోన్ పైకెత్తితే ఫొటోలో కారు కంటే చేతులే ఎక్కువ పడ్డాయి. వేవ్ ఈవా అనే బుల్లి కారుకు రూఫ్ మీద సోలార్ ప్యానెల్ ఉంది, ఎండతోనే రోజుకు 10 కి.మీ. దాకా పోవచ్చట. మా సీమ ఎండకు ఇంకో రెండు కి.మీ. కలుపుకోవచ్చేమో!

నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ దగ్గర. ఆ ఎక్స్‌పోలోనే రూ.17.99 లక్షల ప్రారంభ ధరతో లాంచ్ చేశారు. మా ఇంట్లో మొదటి కారు కొనాలని చూస్తున్నాం, అందుకే ఆ ఆత్రం. వీడియో కాల్‌లో కారు చూపిస్తుంటే నిమ్మనపల్లె నుంచి నాన్న ఒకటే అడిగాడు. "ఏంరా, ఒగసారి ఛార్జింగ్ పెడితే తిరప్తికి పోయి రాగలమా?"

కంపెనీ చెప్పిన రేంజ్ 473 కి.మీ. "ఈజీగా నాన్నా" అనేశా. రాత్రి రూమ్‌కి వచ్చి లెక్క వేశాక ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

ముందు బ్యాటరీ సంగతి. పెద్ద బ్యాటరీ 51.4 కిలోవాట్ అవర్. ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్, అంతే. 5000 ఎంఏహెచ్ ఫోన్లు దాదాపు 2,700 కలిపితే ఎంతో అంత. ఇప్పుడు 473ని 51.4తో భాగించండి. యూనిట్‌కు 9.2 కి.మీ. వస్తుంది. చిన్న బ్యాటరీ 42 యూనిట్లు, 390 కి.మీ. అక్కడా దాదాపు అదే లెక్క.

ఆ 9.2 ఎక్కడిదంటే, మన దేశంలో రేంజ్ కొలిచే ఎంఐడీసీ అనే టెస్ట్ నుంచి. ల్యాబ్‌లో రోలర్ల మీద కారును నడుపుతారు. గరిష్ఠ వేగం 90 కి.మీ., సగటు చూస్తే గంటకు 30 చిల్లరే. ఏసీ ఆన్ చేయరు. యూరప్‌లో వాడే డబ్ల్యూఎల్‌టీపీ టెస్ట్‌లో వేగం 130 దాకా పోతుంది, అందుకే అదే కారుకు అక్కడ రేంజ్ తక్కువ చూపిస్తుంది. ఫోన్ బాక్స్ మీద "రెండు రోజుల బ్యాటరీ" అని రాసినట్టే ఇది కూడా. అబద్ధం కాదు, కానీ మన వాడకం కాదు.

హైవే మీద 80-90లో, ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కితే యూనిట్‌కు 6.5 కి.మీ. అని నేను వేసుకున్నా. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి 110 పట్టుకుంటే అదీ రాదు.

ఇక మన రోడ్డు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, తిరుపతి 160 ప్రాంతంలో. అంటే పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. మనుషులతో కలిపి 1,900 కిలోల కారును 540 మీటర్లు పైకి లేపాలంటే (ఇంటర్ ఫిజిక్స్ ఎంజీహెచ్ గుర్తుందా?) దాదాపు 3 యూనిట్లు ఉత్త ఎక్కుడుకే పోతాయి. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌లా పనిచేసి కొంత కరెంటు బ్యాటరీకి తిరిగి పంపుతుంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన పరిగెత్తిన ఫార్ములా ఈ కార్లు బ్రేకింగ్‌లో కరెంటు రాబట్టేది ఈ సూత్రంతోనే. మన లెక్కలో దాన్ని బోనస్‌గా పక్కన పెట్టేశా.

రానుపోను 250 కి.మీ. అనుకుందాం. 51.4లో ఎక్కుడుకు 3, ఎప్పుడూ మిగిలి ఉండాల్సిన 15 శాతం తీసేస్తే దాదాపు 40 యూనిట్లు. ఇంటూ 6.5 అంటే 260 చిల్లర. గట్టెక్కుతాం. 42 బ్యాటరీతో ఇదే లెక్క 210 దగ్గర ఆగిపోతుంది. స్టాల్‌లో రెండింటి మధ్య తేడా 83 కి.మీ. అనిపించింది. మాకైతే అది ఇల్లు చేరడానికీ, దారిలో ఆగిపోవడానికీ మధ్య తేడా.

అయితే మేము తిరుపతికి పోతే కింద ఆగుతామా? కొండ మీదికి ఘాట్ రోడ్డు, రానుపోను ఇంకో 40 కి.మీ., 700 మీటర్ల ఎక్కుడు. దిగేటప్పుడు సగం తిరిగొచ్చిందనుకున్నా, ఇంటికి చేరేసరికి పెద్ద బ్యాటరీలోనూ 2 యూనిట్లు మిగలవు. అంత గుండె ధైర్యం నాకు లేదు. ఫాస్ట్ ఛార్జర్‌తో 10 నుంచి 80 శాతానికి 58 నిమిషాలని కంపెనీ లెక్క.

పొద్దున నాన్నకు ఫోన్ చేసి, "కొండెక్కితే తిరుపతిలో ఒక గంట ఛార్జింగ్ పెట్టాల నాన్నా" అని చెప్పా.

"గంటేనా? క్యూలో అంతకంటే ఎక్కువసేపే నిలబడతాం కదరా. అప్పుడే పెట్టుకోకూడదా?"

క్యూ కొండ మీద, నేను వెతుకుతున్న ఛార్జర్ కొండ కింద. నడక దారిలో ఎక్కుదామంటే అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. ఎక్స్‌పో ఇంకా మూడు రోజులుంది కానీ, రిటర్న్ ప్రయాణమంతా నేను చూసింది తిరుపతి ఛార్జర్ల మ్యాపే.